గీత పడితే దిద్దలేం!

ఫైన్‌ఆర్ట్స్‌ చదువుతున్నారు. ఓ రెస్టారెంట్‌ నుంచి కబురొచ్చింది.. 'గోడకు వేలాడదీసే బొమ్మ కావాలి, జపాన్‌ పద్ధతిలో వేస్తారా?' అని. అలవాటు లేని శైలి. కాదంటే మొదటి ఆర్డర్‌ పోతుంది. నెట్‌లో దొరికింది చూసి దించేస్తే పేరే పోతుంది. ఏం చేయాలి?

ఖాళీ కూడా బొమ్మే
వేలాడదీసే జపాన్‌ చుట్టపటాన్ని 'కాకెజికు' అంటారు. రుతువును బట్టి దీన్ని మారుస్తుంటారు. మన చేర్యాల పటంలో ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి. సిరాతో వేసే జపాన్‌ పటంలో మాత్రం వదిలేసిన ఖాళీకీ అంతే విలువ. కాబట్టి ఎక్కడ వేయకూడదో ముందే అనుకోవాలి.

వెదురుతో మొదలు
మసి, జిగురు కలిపి చేసిన 'సుమి' కడ్డీని రాతిపలక మీద నీళ్లతో అరగదీస్తే సిరా వస్తుంది. నీళ్ల పాళ్లు మారిస్తే ఒకే నలుపులో ఎన్నో ఛాయలు. 'వాషి' కాగితం సిరాను ఇట్టే పీల్చేస్తుంది. ఆక్రిలిక్‌లా పైన మళ్లీ వేసి సరిచేద్దామంటే కుదరదు. అందుకే వెదురు, ఆర్కిడ్‌, ప్లమ్‌ పూలు, చామంతితో సాధన మొదలుపెడతారు. కుంచె నొక్కడం, లాగడం, ఆపడం వెదురు కణుపుల దగ్గరే ఒంటబడుతుంది.

మాట ఇచ్చే ముందు..
* రెండు చిన్న నమూనాలు వేసి చూపించండి. సాధనకు గడువు అడగండి.
* పటానికి బట్ట, కాగితం అతికించి కర్ర బిగించడం వేరే పనితనం. దాని ఖర్చు విడిగా చెప్పండి.
* ఇంకొకరి ఎర్ర ముద్రను కాపీ కొట్టొద్దు. జపాన్‌ అక్షరాలుంటే భాష తెలిసినవాళ్లకు చూపించండి.
* 'జపాన్‌ శైలి ప్రేరణతో' అనే చెప్పండి. అసలు జపాన్‌ పటమని అమ్మొద్దు.

ఇంకా ముందుకెళ్లాలంటే
జపాన్‌లో చదవాలనుకుంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్‌ స్కాలర్‌షిప్‌ ఉంది. ప్రకటన కోసం జపాన్‌ ఎంబసీ వెబ్‌సైట్‌ చూస్తుండాలి. భాషకు జేఎల్‌పీటీలో తొలి మెట్టు ఎన్‌5.

తెలియని శైలి అని జంకక్కర్లేదు. జపాన్‌ సిరా చిత్రాల్లో మేటి అనిపించుకున్న సెష్షూ కూడా 1467లో చైనా వెళ్లి అక్కడి చిత్రకళను చూసి నేర్చుకున్నవాడే. 1903లో జపాన్‌ చిత్రకారులు యోకోయామా తైకాన్‌, హిషిదా షున్సో కలకత్తా వస్తే, వాళ్ల వాష్‌ పద్ధతిని అవనీంద్రనాథ్‌ ఠాగూర్‌ అందిపుచ్చుకుని తనదిగా మలచుకున్నారు. వాళ్లు దించలేదు, నేర్చుకున్నారు. మీ మొదటి ఆర్డర్‌కూ అదే దారి!