కడుపునొప్పి అంటే గ్యాసేనా?

మొన్న పండక్కి కంగ్టి వెళ్లాను. రాత్రి పదకొండు దాటాక ఎడమ పక్క నడుము దగ్గర పొడిచినట్టు నొప్పి మొదలైంది. మెల్లగా గజ్జల దాకా పాకింది. పడుకోలేను, కూర్చోలేను. "గ్యాస్ అయ్యుంటది బిడ్డా" అంటూ అమ్మ వాము, ఉప్పు చేతిలో పెట్టింది. సోడా కూడా తాగా. తెల్లారేదాకా మెలికలు తిరిగాను. పొద్దున నారాయణఖేడ్ వెళ్లి స్కాన్ తీయిస్తే తేలింది... మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి!

రోజంతా కోడ్‌లో తప్పులు వెతికే నేను, నా ఒంట్లో నొప్పి ఎక్కడ పుట్టిందో కూడా చూసుకోలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఇలా మెలిపెట్టే నొప్పినే శూల అంటారు. ఇంగ్లిష్‌లో కోలిక్. మన ఒంట్లోని గొట్టాల్లో ఏదైనా అడ్డుపడితే, దాన్ని తోసేయడానికి కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. అందుకే నొప్పి అలలు అలలుగా వస్తుంది. ఏ గొట్టమో చెప్పేది చోటే.

కిడ్నీ రాయి: నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుంది. వాంతులు, మూత్రంలో రక్తం కనిపించొచ్చు. చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కానీ నొప్పితో పాటు చలిజ్వరం వచ్చిందా, ఆగొద్దు. ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

పిత్తాశయ రాయి: కుడి పక్కటెముకల కింద నొప్పి. కుడి భుజం, వీపు వైపు లాగుతుంది. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత తరచుగా వస్తుంది. గంటల తరబడి తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ప్రమాదమే.

పేగులు: బొడ్డు చుట్టూ మెలిపెడుతుంది. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, విరేచనం, గ్యాస్ రెండూ ఆగిపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోన్ చేయండి.

ఒక చిన్న గుర్తు. శూల వచ్చినవాళ్లు నాలాగే ఒకచోట ఉండలేరు. కదిలితే నొప్పి పెరుగుతోందని బిగుసుకుని పడుకున్నారంటే కడుపులో వాపు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అది ఇంకా తొందరపడాల్సిన విషయం.

అదే ఇంట్లో ఇంకో శూల కూడా ఉంది. మా అక్క కొడుకుకి నెలన్నర. సాయంత్రమైతే చాలు, గుక్కపట్టి ఏడుపు. "నీ పాలు పడ్తలేవు" అని ఇరుగుపొరుగు అంటుంటే అక్క చాటుగా ఏడ్చేది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడిస్తే కోలిక్ అని 1954లో వెసెల్ అనే డాక్టర్ లెక్క చెప్పారు. దీనికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆరు వారాలప్పుడు ఎక్కువై, మూడు నాలుగు నెలలకల్లా చాలామందిలో తగ్గిపోతుంది. జ్వరం, పచ్చని వాంతులు, పాలు తాగకపోవడం ఉంటే మాత్రం వెంటనే చూపించాలి. విసుగొస్తే బిడ్డను ఇంకొకరికి ఇవ్వండి, ఎప్పుడూ కుదపొద్దు.

ఇదంతా అక్కకి చెప్పా. "అయితే నా తప్పు కాదా తమ్మీ?" అంది.

కాదక్కా. నీ తప్పు కానే కాదు.