మూడు మీటర్లకు నలభైమూడు మీటర్ల పిన్ను

వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము, మా శ్రీరాంపూర్ చెరువుకట్ట దిగువన, ఎండు వరిగడ్డి కట్టలను నాలుగు వరుసలుగా పేర్చి, వానిమీద అట్టముక్క నొకదానిని తుమ్మముండ్లతో గుచ్చి, ఒకప్పుడు నాయొద్ద భౌతికశాస్త్రము చదువుకొన్న కుర్రవాడొకడు కొనలకు కప్పీలు తగిలించిన తన కాంపౌండ్ విల్లును పరీక్షించుచుండగా, పింఛను పుచ్చుకొనుచు ఊరకయున్న నేనును పోయి గట్టుమీద కూర్చుంటిని. విల్లు పోటీలకు వాడునట్టిదే గాని, దానికి తగిలించిన సైటు మాత్రము అమెరికానుండి మేనమామ పంపిన వేటవిల్లు సైటు: గుండ్రని చట్రములో ఒకదాని క్రింద నొకటిగా, కొనలయందు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు వెలుగుచున్న మూడు పిన్నులు. పై పిన్ను 20 మీటర్లకు, నడిమిది 30కి, అడుగుది 40కి కుదిర్చియుండెను. 20 మీటర్లనుండి వేసిన బాణములు చుక్కను వదలక తగులుచుండెను. అంతలో వాడు సరదాకు గడ్డికట్టలకు మూడు మీటర్ల దగ్గరకు వచ్చి, అదే పై పిన్నును చుక్కమీద నిలిపి, బాణము వదలెను. అది చుక్కకు రెండు వ్రేళ్ల మందము క్రిందుగా దిగబడెను.

"సార్, దగ్గరికొస్తే బాణం పైకి తాకాలె గదా? గిది కిందికెందుకు తాకింది?"

ఉపాధ్యాయులందరికిని తెలిసిన పాత ఉపాయమొకటి కలదు. సమాధానము తోచనప్పుడు "మంచి ప్రశ్న, రేపు మాట్లాడుకుందము" అనుట. నేనును అట్లే అని ఇంటికి వచ్చి, కాగితము, పెన్సిలు ముందర పెట్టుకొని కూర్చుంటిని. ఆ రాత్రి భోజనము చల్లారినది. ముప్పది యేండ్లు ప్రక్షేపకముల పాఠము చెప్పినవాడను, నల్లబల్లమీద లెక్కలేనన్ని పరావలయములు గీసినవాడను, ఆ పరావలయమును చూచుచున్న కన్ను ఎక్కడ నున్నదో ఒక్కనాడైనను బల్లమీద గీయలేదని అప్పుడు నాకు తెలిసివచ్చినది.

సైటు పిన్ను అనగా దిక్కు చూపు సూది యని మనము తలంతుము. కుడియెడమల విషయమున అది నిజమే. కాని ఒకే సైటులో మూడో, ఐదో పిన్నులు ఒకదాని క్రింద నొకటి ఎందుకు ఉండవలెనన్న ప్రశ్నకు సమాధానము దిక్కులో లేదు, దూరములో ఉన్నది. ద్రోణాచార్యుడు చెట్టుమీది పక్షిని చూపి, ఏమేమి కనబడుచున్నదని శిష్యుల నడిగెనే కాని, అది ఎన్ని మూరల దూరమున నున్నదని ఒక్కనినైనను అడుగలేదు. అర్జునునికి పక్షి మాత్రమే కనబడుట గొప్ప సంగతియే. అయినను గురికి సూటిగా పట్టిన బాణము, ఎంతటి విలుకాడు వదలినదైనను, గురికి క్రిందనే తగులును. ఆ లోటును పూరించు విద్య అతని చేతిలో ఇంకియుండవలెను. వేలకొలది బాణములు వేసిన అడవిబిడ్డల చేతులలోను అది అట్లే ఇంకియుండును. వారి వింటికి పిన్ను అక్కరలేదు. చేతికి అంత జ్ఞానము లేనివానికొరకు ఆ జ్ఞానమును లోహపు కడ్డీలుగా మలచి వింటికి బిగించినదే ఈ సైటు.

ఇక లెక్క చూడుడు. మంచి కాంపౌండ్ విల్లునుండి బాణము సెకనుకు 80 మీటర్ల వేగముతో వెడలుననుకొందము. గాలి అడ్డు స్వల్పము గనుక ప్రస్తుతమునకు దానిని మరతము. 20 మీటర్లు పోవుటకు పావు సెకను పట్టును. ఆ పావు సెకనులోనే భూమి దానిని 31 సెంటీమీటర్లు క్రిందికి లాగును. 40 మీటర్లకు అర సెకను. పతనము 1 మీటరు 22 సెంటీమీటర్లు. దూరము రెండింతలైనచో పతనము నాలుగింతలు. ఇది పదవ తరగతి పిల్లవానికిని తెలిసినదే. అయితే పిన్ను కొలుచునది పతనమును కాదు, కన్ను నుండి చూచినప్పటి కోణమును. కోణమనగా పతనమును దూరముచే భాగింపగా వచ్చునది. వర్గమును దూరముచే భాగించినచో దూరమే మిగులును గదా! కనుకనే బాణము వర్గముచొప్పున పడుచున్నను పిన్నులు మాత్రము ఇంచుమించు సమానమైన ఎడములతో, నిచ్చెన మెట్లవలె అమరును. కంటికిని సైటునకును 85 సెంటీమీటర్ల దూరమున్నచో, ప్రతి 10 మీటర్లకు ఒక పిన్ను సుమారు ఆరు మిల్లీమీటర్లు దిగును. ప్రకృతిలోని వర్గమును ఈ చిన్న చట్రము సరళరేఖగా మార్చివేయుట నాకు ఎన్నిసార్లు తలచుకొన్నను ఆశ్చర్యమే.

ఇచ్చటనే నా పాత పాఠములోని లోపము బయటపడినది. కన్ను బాణముమీద లేదు. నారి లాగిన చేయి దవడక్రింద ఆనును. కన్ను దానికి సుమారు 10 సెంటీమీటర్లు పైన నుండును. బాణము అడుగుననుండి బయలుదేరి, చూపుగీతను క్రిందినుండి పైకి దాటి, కొంతదూరము దానికి పైన పయనించి, మరల దానిని దాటి క్రిందికి దిగును. చూపుగీత నది యనుకొన్నచో బాణము దానిని రెండుమార్లు దాటు పడవ. మొదటి దాటుట ముక్కుముందర జరుగును గనుక ఎవ్వరును గమనింపరు. మా కుర్రవాడు ఆ మొదటి దాటుటకు ఇవతలనే నిలిచి వేసినాడు. బాణము ఇంకను చూపుగీతవరకు ఎక్కనేలేదు. అందుచే క్రింద తగిలినది.

దీనినుండి వచ్చు ఫలితమొకటి మిక్కిలి సుందరమైనది. ఒక పిన్ను రెండు దూరములకు సరిపోవును. ఆ రెండు దూరములను గుణించినచో, విల్లు మారనంతవరకు, ఎల్లప్పుడు ఒకే సంఖ్య వచ్చును. నేననుకొన్న విల్లునకు ఆ సంఖ్య సుమారు 130. కావున మూడు మీటర్ల దూరమునకు కావలసిన పిన్ను ఏదనగా, 130ని మూడుచే భాగింపుడు: నలభైమూడు మీటర్ల పిన్ను! ఆ సంఖ్యకు వర్గమూలము పదకొండుకు కొంచెము ఎక్కువ. ఆ దూరమున రెండు దాటుటలును ఏకమగును. పిన్ను అన్నిటికంటె పైన నుండవలసినది అక్కడనే, 11 మీటర్ల చెంత. దానికి దగ్గరైనను దూరమైనను పిన్ను క్రిందికే దిగవలెను. మరునాటి సాయంకాలము కుర్రవాడు మూడు మీటర్ల చెంత నిలిచి ఎర్ర పిన్నును చుక్కమీద పెట్టెను, అనగా 40 మీటర్లకు కుదిర్చినదానిని. బాణము చుక్కనుండి వ్రేలి మందము కూడ తొలగలేదు. వాడు నావైపు చూచిన చూపునకు ముప్పది యేండ్ల జీతమును తక్కువే.

ఇక పిన్నులను ఏయే దూరములకు కుదుర్చుకొనవలెనన్న అసలు చిక్కు. వాడుకలో నున్నది 20, 30, 40. అంకెలు అందముగానే యున్నవి. కాని గురికి అంకెల అందముతో పనిలేదు. నడిమి దూరములలో ఏమగునో చూడుడు. 25 మీటర్ల చెంత 20 పిన్నుతో వేసినచో బాణము 7 సెంటీమీటర్లు క్రింద, 30 పిన్నుతో వేసినచో 8 సెంటీమీటర్లు పైన తగులును. 35 మీటర్ల చెంత 30 పిన్నుతోనైనను 40 పిన్నుతోనైనను తప్పు 12 సెంటీమీటర్లు. దూరము పెరిగినకొలది ఒక్కొక్క మీటరు పొరపాటునకును వెల పెరుగును: 20 చెంత మీటరుకు ఒక సెంటీమీటరు, 40 చెంత మూడింటికి కొంచెము తక్కువ. కనుక దగ్గర పిన్నులకు ఎడము ఎక్కువగాను, దూరపు పిన్నులకు తక్కువగాను ఉండుట న్యాయము. చేరెడు గురి, అనగా 15 సెంటీమీటర్ల వలయము మన లక్ష్యమనుకొని, ఏ దూరమునందును బాణము దానిని దాటిపోరాదను నియమముతో నేను లెక్కించితిని. మొదటి పిన్ను 25 మీటర్లకు కుదిర్చినచో, ముక్కుముందరనుండి 29 మీటర్లవరకు ఆ ఒక్కటే చాలును! తరువాతివి 33, 39. ఆ మూడింటితో 41 మీటర్లవరకు వలయము దాటదు. పిన్నులు అవే మూడు; తప్పు 12 నుండి ఏడున్నరకు తగ్గినది. ఇది విలుకాని చేతివణకు కలుపని లెక్క యని మాత్రము ఒప్పుకొనవలెను.

లెక్క దారి చూపునే గాని పిన్నును బిగించునది బాణమే. 25 మీటర్లనుండి నాలుగు బాణములు వేయుడు. అవి గుంపుగా క్రింద తగిలినచో పిన్నును క్రిందికి దింపుడు, పైన తగిలినచో పైకి జరుపుడు. బాణము ఎటు పోయిన పిన్ను అటు. మొదటిసారి విన్నవారికి ఇది తలక్రిందులుగా తోచును. పిన్ను దిగినచో చేయి ఎత్తవలసివచ్చునని గుర్తించినంతనే సందేహము తీరును. కొలత విషయమునను జాగ్రత్త వలయును. ఆ సైటు వచ్చిన దేశములో గజములు, మన మైదానములలో మీటర్లు. నా ఇనుపటేపునకు ఒక అంచున గజములు, రెండవ అంచున మీటర్లు. చీకటిపడువేళ నేను తప్పుటంచు చదివి 40 గజములకు కుర్రవానిని నిలిపి పిన్ను బిగింపించితిని. ఉదయము అదే పిన్నుతో 40 మీటర్లనుండి వేసిన బాణములన్నియు బెత్తెడు క్రిందికి పోయినవి. వాడు పెద్దమనసుతో గాలిని నిందించెను. మంచెమీదినుండి వేయువారికి మరియొక మాట: బాణమును లాగు భూమికి అడ్డదూరముతోనే పని. ఏటవాలుగా 30 మీటర్లు కనబడినను, వాలు 30 డిగ్రీలైనచో 26 మీటర్ల పిన్నునే వాడవలెను.

ఈ యంత్రము పుట్టుపూర్వోత్తరములను క్లుప్తముగా ముగించెదను. నా మనసంతయు ఆ 130 చుట్టును తిరుగుచున్నది. 1545లో విలువిద్యమీద ఇంగ్లీషులో గ్రంథము వ్రాసిన రోజర్ ఆస్కమ్ కన్ను గురిమీదనే ఉండవలెనని పట్టుబట్టినాడు. తరువాతివారు నేలమీద ఒక గుర్తు పెట్టుకొని బాణపు ములికిని దానిమీద నిలుపుట నేర్చిరి. అదియు ఒకవిధమైన పిన్నే, వింటికి బదులు గడ్డిలో గుచ్చినది. దొరల వేట తుపాకులమీద 100, 200, 300 గజముల గుర్తులతో మడతపడు రేకులుండెడివి. మన పిన్నులకు అవి దాయాదులు. కాని విల్లునకు పిన్ను నిజముగా అతికినది, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు హాలెస్ విల్బర్ అల్లెన్ వింటి కొనలకు కప్పీలు తగిలించి, 1966లో దరఖాస్తు పెట్టి, 1969లో పేటెంటు పొందిన తరువాతనే. పాత విల్లు పూర్తిగా లాగినప్పుడే అత్యధిక భారము. మూడు క్షణములు నిలుపలేక చేయి వణకును, పిన్నులు ఎంచుకొనుటకు తీరికెక్కడిది? అల్లెన్ కప్పీలు పూర్తిగా లాగినంతనే భారమును తగ్గించివేయును. విలుకాడు నిలిచి ఆలోచింపవచ్చును. వేగము పెరుగుటచే పతనమును తగ్గినది: సెకనుకు 55 మీటర్ల బాణము 40 మీటర్లలో రెండున్నర మీటర్లకు పైగా పడుచుండగా, 80 మీటర్లది అందులో సగమునకు లోపుగనే పడును. అటుపిమ్మట వెలుతురును కొనకు మోసుకొనివచ్చు కాంతినార పిన్నులు, దూరమును తక్షణమే చెప్పు లేసరు పరికరములు వచ్చినవి. అంతట కొందరు అనేక పిన్నులెందుకు, చక్రముతో జరుపుకొను ఒక్క పిన్ను చాలునని వాదించిరి. నిలుకడగా నుండు గురికి వారి మాట సరియే. కదలు గురికి చక్రము త్రిప్పుచు కూర్చున్నచో గురి వెళ్లిపోవును. నేను అనేక పిన్నుల పక్షపాతిని.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక, మొక్కజొన్నను అడవిపందులు ఎంత త్రొక్కినను, ఈ సైటు ఇచ్చట గడ్డికట్టలకే గురిపెట్టవలెను. ఆరుబయటి లక్ష్యపు పోటీలలో కాంపౌండ్ విల్లునకు దూరము 50 మీటర్లు, పది పాయింట్ల వలయము 8 సెంటీమీటర్లు. అక్కడ ఒక్క గురిచుక్కయే చాలును. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినదియు, మా పెద్దపల్లి జిల్లాకు చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రపంచ యువ పోటీలలో స్వర్ణము గెలిచినదియు ఆ వింటితోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో మిశ్రమ జట్ల పోటీతో కాంపౌండ్ విల్లు తొలిసారి అడుగిడనున్నది.

నా 25, 33, 39ల పట్టికను అందముగా వ్రాసి కుర్రవానికిచ్చితిని. వాడు రెండుమార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకొని, "లెక్క మంచిగనే ఉంది సార్, కానీ ముప్పై మూడంటే యాదికుండదు" అనినాడు. ఆ సైటుమీది పిన్నులు నేటికిని 20, 30, 40కే యున్నవి.