ఆమరణ దీక్ష ఎప్పుడు ఫలిస్తుంది?

ఒక మనిషి తన ప్రాణాన్ని పణంగా పెట్టి ప్రభుత్వాన్ని కదిలించగలడా? ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. మన రెండు రాష్ట్రాల పుట్టుకలోనూ దీక్షలున్నాయి. 1952లో పొట్టి శ్రీరాములు మరణించిన నాలుగు రోజులకే ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వెలువడింది. 2009లో కేసీఆర్ దీక్ష పదకొండో రోజున తెలంగాణ ప్రకటన వెలువడింది. దీక్షకు కూర్చుంటే ఏ ప్రభుత్వమైనా దిగివస్తుందన్న నమ్మకం మనలో నాటుకుపోవడానికి ఈ రెండే కారణం. ఫలించని దీక్షలను కూడా వీటి పక్కన పెట్టి పోల్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇప్పుడీ చర్చ ఎందుకంటే, చట్టం మారింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన నేర చట్టం) అమల్లో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన ప్రతివారినీ నేరస్థులుగా చూసే పాత 309 సెక్షన్‌కు ఇందులో చోటు లేదు. కానీ 226 సెక్షన్ కొత్తగా చేరింది. ప్రభుత్వోద్యోగి చేత ఒక పని చేయించడానికో, ఆపించడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే అది నేరం. ఏడాది వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ శిక్షగా పడవచ్చు. బాధతో చేసే ప్రయత్నాన్ని చట్టం వదిలేసింది. ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రం పట్టుకుంది. ఆమరణ దీక్షల మీదా దీన్ని వాడవచ్చన్నదే చర్చకు కారణం.

దీక్ష ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. కార్మికులు సమ్మె చేస్తే యజమానికి ఉత్పత్తి ఆగుతుంది, డబ్బు పోతుంది. నిరాహార దీక్షలో అవతలివారికి నేరుగా పోయేదేమీ లేదు. నష్టమంతా దీక్షాపరుడిదే. అయినా ఒత్తిడి పుడుతుంది. దానికి మూడు దారులున్నాయి. మొదటిది గడువు. వినతిపత్రాన్ని ఏళ్ల తరబడి పక్కన పడేయవచ్చు, క్షీణిస్తున్న శరీరాన్ని పడేయడం కుదరదు. రెండోది నమ్మకం. పదవి కోసం చేస్తున్నాడన్న అనుమానం, ప్రాణానికి తెగించినవాడి మీద నిలవడం కష్టం. మూడోది నింద. ఆ మనిషి పోతే జనం ఎవరిని వేలెత్తి చూపుతారన్న భయం పాలకులకు ఉంటుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా దీక్ష బలం తగ్గుతుంది.

ఆంధ్ర రాష్ట్ర ఉద్యమమే దీనికి మంచి ఉదాహరణ. శ్రీరాములు కంటే ముందు 1951లో స్వామి సీతారాం (గొల్లపూడి సీతారామశాస్త్రి) ఇదే కోరికతో 35 రోజులు నిరాహార దీక్ష చేశారు. వినోబా భావే విజ్ఞప్తి మీద విరమించారు. రాష్ట్రం రాలేదు. మరుసటి ఏడాది అక్టోబర్ 19న మద్రాసు మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి ఇంట్లో శ్రీరాములు దీక్ష మొదలుపెట్టారు. 58వ రోజున, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. డిసెంబర్ 19న ప్రధాని నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

ఇద్దరి మధ్య తేడా మరణం ఒక్కటే కాదు. ఆ రెండు దీక్షల మధ్యలో 1952 ఎన్నికలు జరిగాయి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది, కమ్యూనిస్టులు పుంజుకున్నారు. జనం కోపం ఎంత ఖరీదైనదో పాలక పక్షానికి అప్పటికే తెలిసింది. 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచి నలభై ఏళ్లుగా సాగిన ఉద్యమం వెనక ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, 1949లోనే జేవీపీ కమిటీ (నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కాంగ్రెస్ వేసిన సంఘం) ఒక షరతు మీద ఆంధ్ర రాష్ట్రానికి దాదాపు ఒప్పుకుంది. మద్రాసు నగరాన్ని వదులుకోవాలన్నదే ఆ షరతు.

ఇప్పుడు ఫలితం చూడండి. పాలక పక్షం అంతకుముందే దాదాపు ఒప్పుకున్న రాష్ట్రం వచ్చింది. ఒప్పుకోని మద్రాసు రాలేదు. అంటే, ఓరగా తెరిచి ఉన్న తలుపును శ్రీరాములు త్యాగం పూర్తిగా తెరిచింది. మూసి ఉన్న తలుపును ఆ త్యాగం కూడా తెరవలేకపోయింది.

2009 కథ కూడా ఇదే చెబుతుంది. నవంబర్ 29న సిద్దిపేటలో దీక్షకు బయల్దేరిన కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అల్గునూరులో అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తరలించారు. అక్కడి నుంచి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రికి తెచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు రోడ్డెక్కారు. డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోం మంత్రి చిదంబరం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్నారు. దీక్ష ముగిసింది. ముగియగానే గడువు కూడా పోయింది. సీమాంధ్ర ప్రజాప్రతినిధులు వరుసగా రాజీనామాలు చేశారు. డిసెంబర్ 23న కేంద్రం వెనకడుగు వేసింది.

ఆ తర్వాత తెలంగాణ రావడానికి నాలుగేళ్లు దాటింది. ఆ ఖాళీని నింపింది దీక్షలు కావు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ జరిగింది. అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె సాగింది. బొగ్గు గనుల కార్మికులు, ఆర్టీసీ సిబ్బంది, ఉపాధ్యాయులు, ఉద్యోగులు పని ఆపేశారు. చివరికి 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. దీక్ష తెచ్చింది ప్రకటన. దాన్ని రాష్ట్రంగా మార్చింది జనసమీకరణ, పార్లమెంటులో లెక్కలు.

దీక్ష అనే ఆయుధాన్ని అవతలి పక్షమూ వాడింది. 2013 అక్టోబర్‌లో రాష్ట్రాన్ని విడదీయవద్దని జగన్ హైదరాబాద్ లోటస్ పాండ్‌లో దీక్షకు కూర్చున్నారు. అదే నెలలో రెండు ప్రాంతాలకూ సమన్యాయం కావాలని చంద్రబాబు ఢిల్లీ ఏపీ భవన్‌లో కూర్చున్నారు. విభజన ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం 2015లో జగన్ గుంటూరులో దీక్ష చేశారు. 2018లో ఆయన పార్టీ ఎంపీలు పదవులకు రాజీనామా చేసి మరీ దీక్షకు దిగారు. హోదా రాలేదు. కాదన్నందువల్ల ఢిల్లీకి వెంటనే పోయేదేమీ లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం.

గడువును ప్రభుత్వం చెరిపేయనూ గలదు. మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల 2000 నుంచి 2016 వరకు దీక్ష చేశారు. సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని (సైన్యానికి కాల్పుల వరకు విస్తృత అధికారాలిచ్చేది) ఎత్తేయాలన్నది ఆమె కోరిక. ఆమెను కస్టడీలో ఉంచి ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఎక్కించారు. ప్రాణాపాయం లేదు కాబట్టి తొందరా లేకపోయింది. 2017 ఎన్నికల్లో ఆమెకు వచ్చిన ఓట్లు 90. ఇక గంగా నది కోసం 111 రోజులు దీక్ష చేసి 2018 అక్టోబర్‌లో మరణించిన ప్రొఫెసర్ జి.డి. అగర్వాల్ విషయంలో త్యాగం పూర్తయింది, మరణమూ సంభవించింది. కానీ శ్రీరాములు వెనక కదిలినట్టు జనం కదలలేదు.

దీక్షకూ ఆత్మబలిదానానికీ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దీక్షలో సంప్రదింపులకు వ్యవధి ఉంటుంది. పాలకులు ఒక మెట్టు దిగితే విరమించే వీలుంటుంది. ప్రాణం తీసుకున్నవారితో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. తెలంగాణ ఉద్యమంలో ఎందరో యువకులు అలా వెళ్లిపోయారు. ఒక మరణం మరొకరిని అదే దారికి లాగే ప్రమాదం ఉంటుంది. అందుకే ప్రాణాలు తీసుకోవద్దని ఉద్యమ నాయకులే వేడుకోవాల్సి వచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో వాళ్ల స్మారకంగా అమరజ్యోతి వెలిసింది. అది వాళ్ల పట్ల గౌరవం. ఆ ఇళ్లలో ఏర్పడిన లోటును అది పూడ్చదు.

ప్రాణాన్ని కాకపోయినా పరువును, బతుకుదెరువును పణంగా పెట్టేవారూ ఉంటారు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఫిల్మ్ నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి అర్ధనగ్నంగా కూర్చుని లైంగిక దోపిడీ మీద నిరసన తెలిపారు. నటీనటుల సంఘం 'మా' ఆమెపై నిషేధం పెట్టి, కొద్ది రోజుల్లోనే ఎత్తేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. మహిళా సంఘాలు వదలకుండా పట్టుకోవడంతో 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ కమిటీ ఉపసంఘం ఇచ్చిన నివేదికను బయటపెట్టాలని 2024 ఆగస్టులో నటి సమంత అడగాల్సి వచ్చింది. వ్యక్తి నిరసన అందరినీ ఇటు చూసేలా చేసింది. చూసినవారి చేత పని చేయించడం మరో పని.

హైదరాబాద్‌లోని రహమత్ నగర్, కృష్ణానగర్ గల్లీల్లో ఉండే సినీ కార్మికులు ఇంకో దారి పట్టారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ 18 రోజులు షూటింగులు ఆపేశారు. ఎవరూ ఒంటరిగా ప్రాణం మీదికి తెచ్చుకోలేదు. అందరూ తలా కొన్ని రోజుల కూలి వదులుకున్నారు. కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం వరకు పెంపు సాధించారు. అడిగినంతా రాలేదు. వచ్చినది మాత్రం ఒప్పందంగా వచ్చింది.

కాబట్టి తీర్పు ఇది. వ్యక్తి త్యాగం ఉద్యమానికి వేగం ఇవ్వగలదు, ఉద్యమానికి బదులు కాలేదు. కోరిక స్పష్టంగా ఉండాలి, వెనక సంఘటిత జనం ఉండాలి, కాదంటే నష్టపోయే పాలకుడు ఎదురుగా ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట ప్రాణం పోగొట్టుకోకుండానే గెలిచే దారులు చాలానే ఉంటాయి. అవి లేనిచోట ప్రాణం పోయినా గెలుపు రాదు. ఏ ఉద్యమ ఆవేశంలోనైనా, మరే కారణంతోనైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ముందు ఎవరితోనైనా మాట్లాడండి. ప్రభుత్వ టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయ సేవ) నంబర్ 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.