యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మొక్కల రసాయనాలు

శరీర కణాల్లోనూ, మాంసం, చేపల వంటి ఆహారంలోనూ ఉండే ప్యూరిన్లు విచ్ఛిన్నమయ్యే క్రమంలో, శాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము హైపోశాంథీన్‌ను శాంథీన్‌గా, శాంథీన్‌ను యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. చాలా క్షీరదాల్లో యూరికేజ్ అనే మరో ఎంజైము దీన్ని సులువుగా కరిగే అల్లంటాయిన్‌గా మార్చివేస్తుంది గానీ, మానవుల పూర్వీకులు ఆ ఎంజైమును కోటి సంవత్సరాలకు పూర్వమే కోల్పోయారు. అందువల్ల రక్తంలో యూరిక్ ఆమ్లం డెసిలీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాములు దాటినప్పుడు సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకొని, చాలామందికి కాలి బొటనవేలి మొదట్లో భరించరాని నొప్పితో బయటపడే గౌట్ వ్యాధికి దారితీయవచ్చు.

ఉల్లిపాయలో సమృద్ధిగా ఉండే క్వెర్సెటిన్, కూరగాయల్లో దొరికే లూటియోలిన్, ఎపిజెనిన్ అనే ఫ్లేవనాయిడ్లు పరీక్షనాళికలో శాంథీన్ ఆక్సిడేజ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. క్వెర్సెటిన్ అణువు ఈ ఎంజైములో మాలిబ్డినం లోహం ఉన్న గూట్లోకి, అంటే శాంథీన్ వచ్చి కూర్చోవలసిన చోటికే, చేరుతుంది. ఇది నిజంగా ఆశ కల్పించే విషయమే అయినా, పేగు గోడ, కాలేయం క్వెర్సెటిన్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్నీ సల్ఫేటునూ తగిలించి రూపం మార్చివేయడం వల్ల, ప్రయోగశాలలో పనిచేసిన ఆ అణువు అదే రూపంలో రక్తంలోకి చేరడం అత్యల్పం. ఎలుకల మీద వచ్చిన ఫలితాలను మరింత జాగ్రత్తగా చూడాలి. వాటికి యూరికేజ్ ఉన్నందున, పొటాషియం ఆక్సొనేట్‌తో దాన్ని స్తంభింపజేస్తే తప్ప వాటి రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగదు, అలా కొద్ది గంటలపాటు పెంచిన స్థితి మనుషుల్లో ఏళ్ల తరబడి సాగే రుగ్మతకు సమానం కాదు. 2016లో బ్రిటన్ పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలో, యూరిక్ ఆమ్లం కాస్త ఎక్కువగా ఉన్న 22 మంది ఆరోగ్యవంతులైన పురుషులు రోజుకు 500 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్‌ను 4 వారాలు తీసుకోగా, తగ్గుదల డెసిలీటరుకు అర మిల్లీగ్రాముకు లోపే ఉంది. ఆ తగ్గుదల వాస్తవమే గానీ, అల్లోప్యూరినాల్ వంటి మందు స్థానాన్ని ఆక్రమించేంతటిది కాదు.

గౌట్ చికిత్సలో స్థిరపడిన మొక్కల మందు కాల్చిసిన్ మాత్రమేనని చెప్పవచ్చు. ఫ్రాన్సులో పెల్లెటియర్, కావెంటూ 1820లో కాల్చికమ్ మొక్క నుంచి వేరుచేసిన ఈ రసాయనం మన అడవినాభి దుంపలోనూ గింజల్లోనూ ఉంటుంది. అయితే ఇది యూరిక్ ఆమ్లాన్ని ఏమాత్రం తగ్గించదు. తెల్ల రక్తకణాల్లోని ట్యూబులిన్ అనే ప్రొటీనుకు అంటుకొని, స్ఫటికాల చుట్టూ ఆ కణాలు మూగకుండా చేసి వాపును చల్లారుస్తుంది. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ కాబట్టి, రసాయనం పాళ్లు మొక్కమొక్కకూ మారే అడవినాభి దుంపను నూరి తీసుకోవడం ప్రాణాంతకం. వైద్యులు అదే కాల్చిసిన్‌ను అర మిల్లీగ్రాము మాత్రలుగా, మూత్రపిండాల పనితీరు చూసుకొని ఇస్తారు.