మట్టిలో దాగిన వనము

ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణమున, గడ్డి నేలల మధ్య అక్కడక్కడ చెట్లు పెరిగే విశాల భూభాగమును సవన్నా అంటారు. అందులోని నైజర్ దేశమున, మరాడి ప్రాంతపు రైతులు పొలముల కొరకు, వంటచెరకు కొరకు చెట్లను నరికివేశారు. గాలికి ఇసుక లేచి మొలకలను కప్పివేయగా, ఒకే ఋతువులో రెండు మూడు సార్లు విత్తవలసి వచ్చేది. నర్సరీ మొక్కలు నాటిరి గాని, అధికభాగము ఎండిపోయినవి.

1981లో అక్కడికి వచ్చిన టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా దేశీయుడు 1983లో ఒక దినమున దారి ప్రక్కనున్న పొదను పరిశీలించెను. అది పొద కాదు, నరికిన చెట్టు మొదలు నుండి లేచిన చిగుళ్లు! వేళ్లు భూమిలో సజీవముగానే ఉన్నవి. బలమైన కొన్ని చిగుళ్లను ఉంచి, తక్కినవి కత్తిరించి, మేకల నుండి, నిప్పు నుండి కాపాడుటయే ఇక చేయవలసిన పని. నీరు పోయనక్కరలేదు. అక్కడి గావో అనే చెట్టు వానకాలమున ఆకు రాల్చి ఎండకాలమున చిగురించును. కనుక సజ్జ పైరుకు నీడ అడ్డురాదు, కాయలు పశువులకు మేతయగును. సుమారు ఇరువది ఏండ్లలో ఈ పద్ధతి దాదాపు 50 లక్షల హెక్టార్లకు వ్యాపించినది.

అయితే ఇంతకాలము రైతు చిగుళ్లను ఎందుకు కాపాడలేదు? చట్టము ప్రకారము చెట్టు ప్రభుత్వమునది. తన పొలములోని కొమ్మ నరికినను జరిమానా. పెంచినవానికి దక్కనిదానిని పెంచేదెవరు? 1980ల మధ్యనుండి ఆ కట్టుబాటు సడలిన పిదపనే చెట్లు పెరిగినవి. ఆ ప్రాంతపు హౌసా భాషలో హక్కును ‘హక్కి’ అంటారు. మన తెలుగు, ఉర్దూలకు వలెనే వారికిని ఆ మాట అరబ్బీ నుండి వచ్చినదే.

ఇదే పద్ధతి ఇథియోపియాలో కార్బన్ క్రెడిట్‌తో ముడిపడినది. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును చెట్లు గ్రహించి నిలుపుకొన్నచో అది ఒక క్రెడిట్; పొగ విడుచు దేశములు, సంస్థలు దానిని కొనును. హంబో అనుచోట 2,728 హెక్టార్ల బోడి కొండలపై ఎక్కువ భాగము పాత మోళ్ల నుండియే అడవి తిరిగి లేచినది. కొంత మేర మొక్కలు నాటిరి. 2009లో ఐక్యరాజ్యసమితి పథకము క్రింద నమోదైన ఈ పని, 30 ఏండ్లలో 8,80,000 టన్నులు గ్రహించునని అంచనా వేశారు. చెట్టు తగులబడవచ్చును, నరకబడవచ్చును. అందుచే ఈ పథకమున అడవుల క్రెడిట్లు తాత్కాలికములుగానే ఉండెను. కొనినవాడు గడువు తీరగానే వాటి స్థానమున వేరొకటి చూపవలసి ఉండెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ప్రతి గడ్డినేల పాడుపడిన అడవి కాదు. సహజముగా గడ్డికే పుట్టిన సవన్నాలో ఒకే జాతి చెట్లను దట్టముగా నాటినచో గడ్డి జాతులు నశించును, పశువుల కాపరి మేత పోవును. లెక్కలో మాత్రము టన్నులు పెరుగును!

హంబోలో కొండపై మేత నిలిపివేసిరి. గడ్డిని కోసి పశువులకు తెచ్చుకొనుటకు అనుమతించిరి. అచ్చటి ఏడు సహకార సంఘములకు ముందు కొండపై హక్కు పత్రములు అందినవి; క్రెడిట్ల సొమ్ము తరువాత వచ్చినది.