కెనడా ప్రీమియర్లు: సొంత గడ్డ మీదే పెద్దరికం

కెనడాలో పది ప్రావిన్సులు, మూడు టెరిటరీలు ఉన్నాయి. భారతదేశంలో రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎలాగో అక్కడ ప్రావిన్సుకు ప్రీమియర్ అలాగ. శాసనసభలో మెజారిటీ కూడగట్టగలిగిన పార్టీ నాయకుణ్ని లెఫ్టినెంట్ గవర్నర్ పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమంటారు. ప్రావిన్సులన్నిటా ఇప్పుడు ఉన్నది ఒక్కటే సభ. ఎగువ సభల్లో చివరిదైన క్యూబెక్ సభ 1968లో రద్దయింది. ఒక మనిషి ఇన్నిసార్లే ప్రీమియర్ కావాలన్న పరిమితి లేదు, జనం గెలిపించినన్నాళ్లూ ఉండొచ్చు.

పదవి చిన్నదిగా కనిపించినా చేతిలో ఉండే అధికారం చిన్నది కాదు. 1867 నాటి రాజ్యాంగ చట్టం ఆస్పత్రులు, చదువు, పురపాలక సంఘాలు, ఆస్తి హక్కులు, ప్రభుత్వ భూములు ప్రావిన్సులకే అప్పగించింది. చమురు, గనులు, అడవుల మీద వచ్చే రాబడీ వాటిదే. పశ్చిమాన ఉన్న అల్బర్టా, సస్కాచెవాన్, మానిటోబాలు మాత్రం ఈ హక్కు కోసం 1930 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. రాష్ట్రపతి పాలన లాంటి ఏర్పాటు కెనడాలో లేదు. ప్రావిన్సుల చట్టాలను తోసిపుచ్చే అధికారం కేంద్రానికి కాగితం మీద ఇంకా ఉన్నా 1943 తర్వాత దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. లెఫ్టినెంట్ గవర్నర్ ఒక ప్రీమియర్‌ను బర్తరఫ్ చేయడం కూడా 1903లో బ్రిటిష్ కొలంబియాలో జరిగిందే ఆఖరు.

దేశానికి పునాది వేసినవాళ్లు మొదట అనుకున్నది ఇది కాదు. తొలి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్‌కు కావలసింది బలమైన కేంద్రం, చెప్పినట్టు వినే ప్రావిన్సులు. ఆ ఆలోచనకు అడ్డం నిలిచిన మనిషి ఒకప్పుడు కింగ్‌స్టన్‌లో ఆయన దగ్గరే న్యాయవాద వృత్తి నేర్చుకున్న ఆలివర్ మోవట్. న్యాయమూర్తి పదవి వదులుకుని 1872లో ఒంటారియో ప్రీమియర్ అయిన మోవట్ 1896 దాకా, దాదాపు ఇరవై నాలుగేళ్లు, ఆ కుర్చీలో కూర్చున్నాడు. అటార్నీ జనరల్ బాధ్యత కూడా తన దగ్గరే ఉంచుకుని మద్యం లైసెన్సుల దగ్గర్నుంచి ప్రావిన్సు సరిహద్దు దాకా ప్రతి తగవునూ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ముందుకు తీసుకెళ్లాడు. ముఖ్యమైన వ్యాజ్యాలు చాలావరకు గెలిచాడు. ప్రావిన్సులు తమ పరిధిలో తాము సర్వాధికారులే అన్న సూత్రం ఆ తీర్పులతో స్థిరపడింది. 1887లో క్యూబెక్ ప్రీమియర్ ఒనొరే మెర్సియే ప్రీమియర్ల తొలి సమావేశం జరిపినప్పుడు అధ్యక్షత వహించిందీ మోవటే. మెక్‌డొనాల్డ్ దానికి రానేలేదు. రాజధాని ఒట్టావాలోని కేంద్రంతో పోరాడి ఇంట గెలవడం అనే పద్ధతికి మోవట్ ఆద్యుడు. ఆ తర్వాత పేరు తెచ్చుకున్న ప్రీమియర్లలో ఆ బాట తొక్కనివాళ్లు అరుదు.

దీర్ఘకాలం పాలించడం కూడా వీళ్లలో కొత్త కాదు. నోవా స్కోషియాలో జార్జ్ మర్రే 1896 నుంచి 1923 వరకు ఆగకుండా ఏలాడు. అల్బర్టాలో విలియం అబర్‌హార్ట్ అనే హైస్కూలు ప్రిన్సిపాల్ రేడియోలో బైబిలు ప్రసంగాలతో పేరు తెచ్చుకుని, మాంద్యం రోజుల్లో సోషల్ క్రెడిట్ ఉద్యమాన్ని లేవదీసి, 1935లో అధికారం పట్టాడు. ఆయన బైబిలు సంస్థలో చదువుకున్న శిష్యుడు ఎర్నెస్ట్ మానింగ్ 1943లో గురువు మరణించాక పగ్గాలందుకుని 1968 దాకా వదల్లేదు. బ్రిటిష్ కొలంబియాలో కెలోనా పట్టణపు హార్డ్‌వేర్ వ్యాపారి డబ్ల్యు.ఎ.సి. బెన్నెట్ ఇరవై ఏళ్లు పాలిస్తే, మూడేళ్ల విరామం తర్వాత ఆయన కొడుకు బిల్ బెన్నెట్ వచ్చి మరో పదకొండేళ్లు పాలించాడు.

వీళ్లందరిలో జోయీ స్మాల్‌వుడ్ కథ వేరు. విలేకరిగా, రేడియో వ్యాఖ్యాతగా, చివరికి పందుల పెంపకందారుగా బతికిన ఆయన న్యూఫౌండ్‌లాండ్‌ను కెనడాలో కలపాలని ఊరూరా ప్రచారం చేశాడు. 1948లో రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. రెండోసారి 52 శాతం పైచిలుకు ఓట్లతో విలీనం నెగ్గింది. మరుసటి ఏడు ఆయనే తొలి ప్రీమియర్. బళ్లు, రోడ్లు, ఆస్పత్రులు వచ్చాయి. వాటితో పాటే, తీరం వెంట విసిరేసినట్టున్న చిన్న చిన్న జాలరి పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని పెద్ద ఊళ్లకు తరలించే కార్యక్రమమూ వచ్చింది. ఆ గాయం అక్కడి కుటుంబాల్లో చాలాకాలం మానలేదు. 1971 ఎన్నికల్లో ఒక్క సీటు తేడాతో వెనకబడ్డా పదవి వదలడానికి స్మాల్‌వుడ్‌కు 1972 జనవరి దాకా మనసొప్పలేదు.

ప్రీమియర్ తలచుకుంటే దేశమంతటి బతుకును మార్చవచ్చని చూపినవాడు సస్కాచెవాన్‌కు చెందిన టామీ డగ్లస్. 1904లో స్కాట్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలి ఎముక కుళ్లు పట్టింది. కుటుంబం కెనడాకు వలస వచ్చాక విన్నిపెగ్‌లోనూ ఆ బాధ తిరగబెట్టింది, కాలు తీసేయాలన్నారు. పెద్ద డాక్టరుకు చూపించుకునే స్తోమత తల్లిదండ్రులకు లేదు. వైద్య విద్యార్థులు చూస్తూ నేర్చుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా శస్త్రచికిత్స చేస్తానని ఒక సర్జన్ ముందుకు రావడంతో కాలు దక్కింది. పిల్లవాడి కాలు నిలవడం, పోవడం ఒకరి దయ మీద ఆధారపడకూడదన్న మాట డగ్లస్ జీవితాంతం చెబుతూనే ఉన్నాడు. అచ్చుపని నేర్చుకుని, తర్వాత బాప్టిస్టు పాస్టరై వేబర్న్ పట్టణానికి వచ్చేసరికి కరువు, మాంద్యం కలిసి అక్కడి రైతులను నలిపేస్తున్నాయి. 1935లో సీసీఎఫ్ అనే సోషలిస్టు పార్టీ తరఫున ఒట్టావా పార్లమెంటుకు వెళ్లాడు. 1944లో ఆ సీటు వదిలి వచ్చి ప్రావిన్సు ఎన్నికల్లో 47 స్థానాలతో పార్టీని గెలిపించాడు.

ప్రీమియర్‌గా తొలి అయిదేళ్లు ఆరోగ్య శాఖను తన దగ్గరే పెట్టుకున్నాడు. 1947 జనవరి 1న ప్రావిన్సు ప్రజలందరికీ ఆస్పత్రి బీమా మొదలైంది. అక్కడితో ఆగి డాక్టరు ఫీజుల జోలికి వెళ్లకపోవడంలో చాలా ముందుచూపు ఉంది, ఖజానాలో అంత డబ్బు లేదు. అప్పులు తీర్చాడు, పొలాలకు కరెంటు వేయించాడు, ప్రభుత్వ వాహన బీమా తెచ్చాడు. 1957లో ఆస్పత్రి ఖర్చులో సగం వరకు భరించడానికి కేంద్రం చట్టం చేశాక గానీ రెండో మెట్టు ఎక్కలేదు. వైద్య బీమాయే అంశంగా 1960 ఎన్నికలు గెలిచాడు. చట్టం 1961లో వచ్చింది, కానీ అది అమలయ్యేనాటికి డగ్లస్ కొత్తగా పుట్టిన ఎన్‌డీపీ అనే పార్టీకి జాతీయ నాయకుడిగా వెళ్లిపోయాడు. తుపాను మీద పడింది ఆయన వారసుడు వుడ్రో లాయిడ్ నెత్తిన. 1962 జూలై 1న పథకం మొదలైన రోజే డాక్టర్లు సమ్మెకు దిగారు. ప్రభుత్వం బ్రిటన్ నుంచి వైద్యులను రప్పించింది. ఇరవై మూడు రోజుల తర్వాత సస్కటూన్‌లో ఒప్పందం కుదిరింది, పథకం నిలిచింది. దాని వెల మాత్రం ఇద్దరూ చెల్లించారు. ఆ వేసవిలోనే డగ్లస్ రెజైనాలో పార్లమెంటు సీటు ఓడిపోయాడు, 1964లో లాయిడ్ ప్రభుత్వం పడిపోయింది. వాళ్లను ఓడించిన లిబరల్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేయలేదు. 1966లో కేంద్రం దాన్నే నమూనాగా తీసుకుని చట్టం చేసింది. 1972కల్లా పది ప్రావిన్సులకూ అది పాకింది. ప్రధాని పదవి దరిదాపులకు కూడా రాని డగ్లస్‌ను 2004లో సీబీసీ టీవీ ప్రేక్షకులు కెనడియన్లలోకెల్లా గొప్పవాడిగా ఎన్నుకున్నారు.

చమురు వచ్చాక పోరు రూపం మారింది. అల్బర్టాలో పీటర్ లాఫీడ్ 1965లో కన్సర్వేటివ్ పార్టీ బాధ్యత తీసుకునేనాటికి, అంతకుముందు ఎన్నికల్లో ఆ పార్టీ ఒక్క సీటూ గెలవలేదు. ఆరేళ్లలో అధికారంలోకి తెచ్చాడు. ఆ పార్టీ పాలన 2015లో ఎన్‌డీపీ నాయకురాలు రేచెల్ నాట్లీ ఓడించేదాకా 44 ఏళ్లు సాగింది. చమురు రాబడిలో కొంత భావి తరాలకు దాచే హెరిటేజ్ ఫండ్ 1976లో ఆయన పెట్టిందే. 1980 అక్టోబరులో ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వం జాతీయ ఇంధన విధానం ప్రకటించగానే లాఫీడ్ టీవీలోకి వచ్చి తూర్పు ప్రాంతాలకు పంపే చమురును అంచెలంచెలుగా తగ్గిస్తామన్నాడు. ఏడాది తర్వాత ధరల మీద రాజీ కుదిరింది.

క్యూబెక్‌లో రెనే లెవెక్ అంతకంటే దూరం వెళ్లాడు. టీవీ పాత్రికేయుడిగా ఇంటింటికీ తెలిసిన ఆయన లిబరల్ మంత్రిగా విద్యుత్ కంపెనీల జాతీయీకరణ జరిపించి, ఆ పార్టీ విడిచి 1968లో పార్టీ కెబెక్వా స్థాపించాడు. 1976లో ప్రీమియర్ అయ్యాడు. మరుసటి ఏడు ఫ్రెంచి భాషను కాపాడే చట్టం తెచ్చాడు. 1980లో సార్వభౌమత్వం మీద జరిపిన రిఫరెండంలో దాదాపు అరవై శాతం మంది వద్దన్నారు. అయినా 1981లో అదే జనం ఆయన ప్రభుత్వాన్ని మళ్లీ గెలిపించారు.

ఆ ఏడాది నవంబరులో రాజ్యాంగాన్ని బ్రిటన్ నుంచి స్వదేశానికి తెచ్చుకునే చర్చలకు పదిమంది ప్రీమియర్లూ ఒట్టావాలో సమావేశమయ్యారు. ఎనిమిదిమంది ఒక జట్టుగా ట్రూడోను ఎదిరిస్తున్నారు, వాళ్లలో లెవెక్ ఒకడు. నవంబరు 4న సమావేశ భవనంలోని వంటగదిలో కేంద్ర మంత్రి జాన్ క్రెచెన్, సస్కాచెవాన్ మంత్రి రాయ్ రోమనో, ఒంటారియో మంత్రి రాయ్ మెక్‌మర్ట్రీ నిలబడి రాజీ సూత్రం రాసుకున్నారు. ఆ రాత్రి తక్కిన ప్రావిన్సులతో మంతనాలు సాగాయి. నది అవతల హల్‌లో బస చేసిన లెవెక్‌కు ఎవరూ కబురు చేయలేదు. తెల్లారి ఆయన వచ్చేసరికి తొమ్మిది ప్రావిన్సులు ఒప్పేసుకున్నాయి. రాజ్యాంగంలో కొత్తగా చేరే హక్కుల పత్రంలోని కొన్ని నిబంధనలను పక్కన పెట్టే వెసులుబాటు శాసనసభలకు దక్కింది, సహజ వనరుల మీద ప్రావిన్సుల అధికారం గట్టిపడింది. 1982 రాజ్యాంగ చట్టానికి క్యూబెక్ ఈనాటికీ లాంఛనంగా సమ్మతి తెలపలేదు. ఆ వంటగదిలో ఉన్నవాళ్లలో రోమనో పదేళ్లకు ప్రీమియర్, క్రెచెన్ పన్నెండేళ్లకు ప్రధాని అయ్యారు.

క్రెచెన్ ప్రధాని అయింది ప్రీమియర్ పదవి మీదుగా కాదు. నిజానికి ఆ దారిన వచ్చినవాళ్లు కెనడా చరిత్రలో ఇద్దరే: నోవా స్కోషియాను ఏలిన చార్లెస్ టపర్, జాన్ థాంప్సన్. ఇద్దరూ పందొమ్మిదో శతాబ్దం వారే. పైగా థాంప్సన్ 1882లో కొన్ని వారాలే ప్రీమియర్‌గా ఉన్నాడు, టపర్ 1896లో కొన్ని వారాలే ప్రధానిగా ఉన్నాడు. భారతదేశంలో మొరార్జీ దేశాయ్ నుంచి పి.వి. నరసింహారావు, నరేంద్ర మోదీ దాకా ముఖ్యమంత్రులుగా చేసినవాళ్లు ప్రధానులవుతూ వచ్చిన తీరు కెనడాలో కనిపించదు. ప్రయత్నాలు జరగక కాదు. మానిటోబాను ఇరవై ఏళ్లు పాలించిన జాన్ బ్రాకెన్, ఒంటారియో ప్రీమియర్ జార్జ్ డ్రూ, నోవా స్కోషియా ప్రీమియర్ రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్ వేర్వేరు సమయాల్లో జాతీయ కన్సర్వేటివ్ నాయకులై ఓడారు. స్టాన్‌ఫీల్డ్ మూడుసార్లు పోటీపడ్డాడు. 1972లో లిబరళ్లకు 109, ఆయన పార్టీకి 107 సీట్లు. అంత దగ్గరగా వచ్చిన ప్రీమియర్ ఆ శతాబ్దంలో మరొకరు లేరు.

ప్రీమియర్‌కు ఇంట బలమిచ్చేదే ఒట్టావా దారిలో అడ్డుపడుతుందన్నది ఇందుకు ప్రధాన కారణంగా తోస్తుంది. అల్బర్టా చమురు కోసం గొంతెత్తినవాడికి ఒంటారియోలో ఓట్లు రాలవు. క్యూబెక్ హక్కుల కోసం నిలబడ్డవాణ్ని పశ్చిమం నమ్మదు. జాతీయ నాయకుడికి ఇంగ్లిషుతో పాటు ఫ్రెంచి ధారాళంగా రావాలి. సస్కాచెవాన్‌లోనో నోవా స్కోషియాలోనో ప్రీమియర్ కావడానికి ఆ అవసరమే ఉండదు. దానికి తోడు, పేరు ఒకటే అయినా చాలా ప్రావిన్సుల్లో స్థానిక పార్టీ వేరు, జాతీయ పార్టీ వేరు. బ్రిటిష్ కొలంబియా లిబరళ్లకు ఒట్టావా లిబరళ్లతో పొత్తే లేకుండా పోయింది. ప్రీమియర్ వెంట సొంత శ్రేణులు జాతీయ స్థాయికి కదలిరావు.

ఎదురు దిశలో రాకపోకలు మాత్రం బాగానే సాగాయి. 1993లో చిత్తుగా ఓడిన ఫెడరల్ కన్సర్వేటివ్ పార్టీలో మిగిలిన ఇద్దరు ఎంపీల్లో ఒకడైన జాన్ షారే, 1998లో క్యూబెక్ లిబరల్ నాయకుడై 2003 నుంచి తొమ్మిదేళ్లు ప్రీమియర్‌గా ఉన్నాడు. ఫెడరల్ మంత్రిగా పేరున్న జేసన్ కెన్నీ 2019లో అల్బర్టా ప్రీమియర్ అయ్యాడు. 2022లో సొంత పార్టీ సభ్యులు జరిపిన నాయకత్వ సమీక్షలో 51.4 శాతమే రావడంతో తప్పుకుంటానని ప్రకటించాడు. ప్రీమియర్లను దింపేది ప్రతిసారీ ఓటర్లు కారు.

కుర్చీ అందినవాళ్ల జాబితా చాలాకాలం ఒకే తీరుగా ఉండేది. తొలి మహిళా ప్రీమియర్ రీటా జాన్‌స్టన్ 1991లో బ్రిటిష్ కొలంబియాలో, అప్పటికే కుంభకోణంలో మునిగిన ప్రభుత్వాన్ని నెత్తికెత్తుకుని కొన్ని నెలల్లోనే ఓడిపోయారు. సార్వత్రిక ఎన్నికల్లో గెలిచిన తొలి మహిళ 1993లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కు చెందిన కేథరిన్ కాల్‌బెక్. 2013లో ఒక దశలో, టెరిటరీలనూ కలుపుకుంటే, ప్రీమియర్లు పదమూడుమందిలో ఆరుగురు స్త్రీలే. అయిదారేళ్లు తిరిగేసరికి ఆ ఆరుగురూ పదవుల్లో లేరు.

పంజాబ్‌లోని దొసాంజ్ కలాన్ గ్రామంలో పుట్టిన ఉజ్జల్ దొసాంజ్ 2000లో బ్రిటిష్ కొలంబియా ప్రీమియర్ అయ్యాడు. భారత సంతతి నుంచి ఆ పదవికి వచ్చిన మొదటివాడు ఆయనే. రంపపు మిల్లులో పనిచేసి, న్యాయవాది అయి, ఖలిస్థానీ హింసను బహిరంగంగా ఖండించినందుకు 1985లో ఇనుపకడ్డీతో దెబ్బలు తిన్న మనిషి. ఆయన పగ్గాలు చేపట్టేసరికే ఎన్‌డీపీ మీద జనం విసిగిపోయి ఉన్నారు. 2001లో 79 సీట్లలో ఆ పార్టీకి దక్కినవి రెండే, దొసాంజ్ కూడా ఓడాడు. అయితే ఆయన బతుకు అక్కడితో ఆగలేదు. లిబరల్ పార్టీలో చేరి 2004లో పార్లమెంటుకు గెలిచి కేంద్ర ఆరోగ్య మంత్రి అయ్యాడు. 2023లో మానిటోబాలో వాబ్ కినూ గెలిచి, ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ సమూహాల నుంచి వచ్చి ప్రావిన్సును ఏలిన తొలి ప్రీమియర్‌గా నిలిచాడు.

దిగిపోయిన ప్రీమియర్లకు గౌరవప్రదమైన పదవులు దొరకడం మోవట్ నాటి నుంచీ ఉన్నదే. ఆయన కేంద్ర న్యాయ మంత్రిగా చేసి, ఒంటారియో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండగానే 1903లో కన్నుమూశాడు. మానింగ్ సెనేటుకు వెళ్లాడు. 1987లో న్యూ బ్రన్స్‌విక్‌లోని 58 సీట్లనూ ఊడ్చేసిన ఫ్రాంక్ మెకెన్నా, మానిటోబాను పదేళ్లు పాలించిన గ్యారీ డోయర్ అమెరికాలో కెనడా రాయబారులయ్యారు. 1990లో ఒంటారియోకు తొలి ఎన్‌డీపీ ప్రీమియర్ అయిన బాబ్ రే తర్వాత లిబరల్ పార్టీకి తాత్కాలిక నాయకుడిగా పనిచేసి, 2020లో ఐక్యరాజ్యసమితిలో కెనడా రాయబారిగా నియమితుడయ్యాడు.