ఊపిరి బిగబట్టకండి, మాస్టారూ!

మీలో బావిలోనో చెరువులోనో ఈత నేర్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నీళ్లలోకి దూకే ముందు మీరేం చేస్తారు? గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, ముక్కు మూసుకుని దూకుతారు. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో చూద్దామని పందేలు కూడా వేసుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. మా ఊరి దిగుడుబావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈదుతూ, నీళ్లలో ఊపిరి బిగబట్టాలన్న పాఠాన్ని పదేళ్ల వయసుకే వంటబట్టించుకున్నాను. ఆ పాఠమే నలభై ఏళ్లు దాటాక, అండమాన్ సముద్రంలో, నన్ను ప్రమాదం అంచుదాకా తీసుకుపోయింది.

ఎలాగో చెబుతాను వినండి. ఇందులో బాయిల్ నియమం వస్తుంది. పాఠమే కదా అని పేజీ తిప్పేయకండి. ఆ నియమాన్ని ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నవాణ్ణి నేను. అయినా పొరపాటు చేశాను!

హేవ్‌లాక్ దీవికి ప్రయాణం

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి మమ్మల్ని అండమాన్ దీవులకు తీసుకువెళ్లింది. చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాం. ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. అక్కడి వీధుల్లో నడుస్తుంటే తెలుగు మాటలు వినబడి ఆశ్చర్యం వేసింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఏనాడో వలస వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మర్నాడు పడవ ఎక్కి హేవ్‌లాక్ దీవికి వెళ్లాం. 2018 నుంచి దీని పేరు స్వరాజ్ ద్వీప్.

ఒడ్డుకు దగ్గర్లోనే పగడపు దిబ్బలు ఉండడంవల్ల, సముద్రంలో ఎన్నడూ మునగనివాళ్లను కూడా అక్కడ నీటి అడుగుకు తీసుకువెళ్లి చూపిస్తారు. దీన్నే స్కూబా డైవింగ్ అంటారు. "నాన్నా, మీరు కూడా దిగాల్సిందే" అని అమ్మాయి పట్టుపట్టింది. ముందుగా ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. ఉబ్బసం ఉందా? గుండె జబ్బు ఉందా? చెవిలో చీము కారుతుందా? జలుబు చేసిందా? ఇలాంటి ప్రశ్నలు. ఇవన్నీ ఎందుకు అడుగుతారో మీకే కాసేపట్లో తెలుస్తుంది.

మాకు నేర్పిన కుర్రాడూ తెలుగువాడే. వాళ్ల తాతగారిది శ్రీకాకుళం జిల్లా అట. "మాస్టారూ, వంద మాటలు చెప్పను, ఒక్కటే చెబుతాను. నీళ్లలో ఊపిరి బిగబట్టకండి. ఏం జరిగినా సరే, పీలుస్తూ వదులుతూ ఉండండి" అన్నాడు. నేను నవ్వి తల ఊపాను. నాకు తెలియని సంగతా అనుకున్నాను!

పొడుగాటి గొట్టం చాలదా?

స్కూబా పరికరం ఎందుకు? ఒక పొడుగాటి గొట్టం నోట్లో పెట్టుకుని, రెండో కొస నీటిపైన ఉంచితే చాలదా? మా తరగతిలో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు.

లెక్క వేసి చూద్దాం. మీరు ఒక మీటరు లోతున ఉన్నారనుకోండి. అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరు మీద నీరు సుమారు 100 గ్రాముల బరువుతో అదనంగా నొక్కుతుంది. మీ ఛాతీ ముందు భాగం 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే 900 చదరపు సెంటీమీటర్లు. అంటే దాని మీద 90 కిలోల బరువు పడుతుందన్నమాట! గొట్టంలోని గాలి మాత్రం పైనున్న మామూలు పీడనంలోనే ఉంటుంది. ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టుకుని గాలి పీల్చగలరా?

కాబట్టి, చుట్టూ నీరు ఎంత పీడనంతో నొక్కుతుందో, నోటికి అందే గాలి కూడా అంతే పీడనంతో రావాలి. ఈ చిక్కును 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో అనే నౌకాదళాధికారి, ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు కలిసి విప్పారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాసుతో కార్లు నడిపేవారు. అందుకోసం గాన్యాఁ తయారు చేసిన ఒక కవాటాన్నే మార్చి, నీటిలో గాలి అందించే సాధనంగా చేశారు. దీన్ని రెగ్యులేటర్ అంటారు. సిలిండర్‌లో గాలి వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల పీడనంతో కుక్కి ఉంటుంది. రెగ్యులేటర్ ఆ పీడనాన్ని తగ్గించి, మీరున్న లోతుకు సరిపోయేటట్టు, పీల్చినప్పుడల్లా ఒక్కొక్క గుక్కగా అందిస్తుంది.

సిలిండర్‌లో ఉండేది ప్రాణవాయువు అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మామూలుగా వాడేది మనం పీల్చే గాలే. అధిక పీడనంలో స్వచ్ఛమైన ప్రాణవాయువు విషంలా పనిచేస్తుంది.

నీటి అడుగున

సీసపు దిమ్మలు గుచ్చిన పటకా నడుముకు బిగించి, సిలిండర్ వీపుకు తగిలించి, కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దాల తొడుగు పెట్టారు. కుర్రాడు నా వీపు వెనక పట్టీ పట్టుకుని మెల్లగా కిందికి తీసుకుపోయాడు.

రెండు మీటర్లు దిగేసరికి చెవుల్లో నొప్పి మొదలైంది. కర్ణభేరికి బయట నీటి పీడనం పెరిగింది, లోపల గాలి పీడనం మాత్రం అలాగే ఉంది. నేర్పిన ప్రకారం ముక్కు గట్టిగా పట్టుకుని, మెల్లగా ముక్కులోకి గాలి ఊదాను. గొంతు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే సన్నని నాళం గుండా గాలి లోపలికి పోయింది. టప్పుమని శబ్దం వచ్చి నొప్పి పోయింది. జలుబు చేసినవాళ్లకు ఈ నాళం మూసుకుపోతుంది. కాగితంలో జలుబు గురించి అడిగింది అందుకే!

ఐదు మీటర్ల లోతున ఇసుక, దాని మీద పగడపు దిబ్బ. నా చెయ్యి నాకే కొత్తగా, లావుగా కనిపించింది. నీటి నుంచి అద్దంలోపలి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వక్రీభవనం చెందడంవల్ల వస్తువులు మూడో వంతు పెద్దవిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. ఒడ్డున ఎర్రగా ఉన్న మా అమ్మాయి చేతి గుడ్డ అక్కడ వెలిసిపోయినట్టుంది. నీరు ముందుగా ఎర్ర కాంతినే మింగేస్తుంది గదా!

సముద్రపు పువ్వులా పరుచుకున్న ఒక అనిమొన్ జీవి. దాని విషపు వేళ్ల మధ్య భయం లేకుండా ఆడుకుంటున్న నారింజరంగు క్లౌన్ ఫిష్‌లు, ఒంటి మీద తెల్ల పట్టీలు. ఒక బుల్లి చేప నా మీదికి దూసుకొచ్చి బెదిరించింది. నాకు నవ్వు ఆగలేదు.

ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వితే బుగ్గలు ముడతలు పడతాయి. దానికి తోడు నాకు మీసం ఉంది. తొడుగు అంచుకూ చర్మానికీ మధ్య సందు దొరికి ఉప్పునీరు లోపలికి వచ్చింది. కళ్లు మండాయి, ముక్కులో నీరు. ఆ క్షణంలో మాస్టారు మాయమై, దిగుడుబావిలోని పదేళ్ల పిల్లవాడు మేలుకున్నాడు. నోటి గొట్టంలోంచి గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, కాళ్లు తన్ని పైకి లేవబోయాను!

ఒక్క మీటరు కూడా పైకి రాకముందే వెనక నుంచి పట్టీ లాగినట్లయింది. కుర్రాడు నా ముందుకు వచ్చాడు. మసకగా కనబడుతున్నాడు. తన నోటి నుంచి వెళ్తున్న బుడగల్ని వేలితో చూపించి, ఆ వేలే నా నోటి వైపు పెట్టాడు. నా నుంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఊపిరి వదిలాను. తర్వాత అతను చూపినట్టు తొడుగు పై అంచు నొక్కి పట్టి, తల కొంచెం ఎత్తి, ముక్కుతో గాలి వదిలితే లోపలి నీరంతా కింది అంచు నుంచి బయటికి పోయింది. ఇంత చిన్న పనికి అంత కంగారు!

బాయిల్ చెప్పిందేమిటి?

కుర్రాడు పట్టుకోకపోతే ఏమయ్యేది? ఉష్ణోగ్రత మారనప్పుడు, ఇచ్చిన వాయువు ఘనపరిమాణం దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఐదు మీటర్ల దగ్గర పీడనం ఒకటిన్నర. అక్కడ నా ఊపిరితిత్తుల్లో ఆరు లీటర్ల గాలి నిండి ఉందనుకోండి. నోరు మూసుకుని నీటిపైకి వస్తే అదే గాలికి తొమ్మిది లీటర్ల చోటు కావాలి. ఊపిరితిత్తులకు అంత సాగే శక్తి లేదు. పల్చని గాలి గదులు చిరిగి, గాలి రక్తంలోకి పోతుంది. ఆ బుడగలు మెదడుకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో గాలి ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోవచ్చు కాబట్టే దాని గురించి ముందు అడుగుతారు.

లోతు తక్కువ కదా, భయమెందుకు అనుకోకండి. ముప్పై మీటర్ల నుంచి ఇరవైకి వస్తే పీడనం నాలుగు నుంచి మూడుకు తగ్గుతుంది. గాలి మూడో వంతే పెరుగుతుంది. పది మీటర్ల నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది! నీటిపైకి దగ్గరయ్యే కొద్దీ మార్పు వేగంగా ఉంటుంది. రెండు మీటర్ల లోతు నుంచి కూడా, నిండు ఊపిరి బిగబట్టి పైకి రావడం ప్రమాదమే.

మరి బావిలో మునిగినప్పుడు మనకేమీ కాలేదేం? తూత్తుకుడి దగ్గర ముత్యాల కోసం మునిగిన జాలరులు ఊపిరి బిగబట్టే కదా దిగింది? తేడా ఇక్కడే ఉంది. వాళ్లు గాలి పీల్చింది నీటి పైన. లోతుకు పోతే ఆ గాలి కుదించుకుంటుంది, తిరిగి పైకి వస్తే మొదటి పరిమాణానికే చేరుతుంది, అంతకు మించదు. స్కూబాలో గాలి పీల్చేది లోతున. బావిలో కాపాడిన అలవాటే ఇక్కడ ప్రాణం తీయగలదు.

ఇంట్లో చేసి చూడండి

సూది లేని పెద్ద ప్లాస్టిక్ సిరంజి ఒకటి తీసుకోండి. చిన్న రబ్బరు బుడగలోకి కొద్దిగా గాలి ఊది, ముడివేసి సిరంజిలో పెట్టండి. కొనను వేలితో గట్టిగా మూసి ముషలకాన్ని లోపలికి నెట్టండి. బుడగ ముడుచుకుంటుంది. ఇది సముద్రంలోకి దిగడం. ఇప్పుడు వేలు తీసి, ముషలకాన్ని మధ్యలో ఉంచి, మళ్లీ కొన మూసి వెనక్కి లాగండి. బుడగ ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వచ్చే మాస్టారి ఊపిరితిత్తులు అవే!

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. సోడా మూత తీస్తే బుడగలు పొంగినట్టు, పీడనం ఒక్కసారిగా తగ్గితే ఆ నత్రజని బుడగలుగా బయటపడి కీళ్లలో నొప్పులు, పక్షవాతం కలిగించవచ్చు. అందుకే మెల్లగా పైకి రావాలి. నీటి నుంచి వచ్చిన వెంటనే విమానం కూడా ఎక్కకూడదు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు ఆగాలి. పైన విమానంలో గాలి పీడనం నేలమీదికన్నా తక్కువ గదా! మేము రెండు రోజులు ఆగి బయలుదేరాం.

ఒడ్డుకు వచ్చాక కుర్రాడికి కృతజ్ఞతలు చెప్పి, "నేను పిల్లలకు ఈ పాఠమే చెబుతాను బాబూ" అన్నాను. "అందరూ అలాగే చేస్తారు మాస్టారూ. ఊపిరి వదలడం ఒకటికి పదిసార్లు అభ్యాసం చేయిస్తేగాని రాదు" అన్నాడతను. నిజమే. సూత్రం పుస్తకంలో ఉంటే మార్కులు వస్తాయి, అలవాటులోకి వస్తేనే ఆపదలో పనికొస్తుంది. మీరెప్పుడైనా స్కూబాకు వెళ్తే శిక్షణ పొందినవారి వెంటే దిగండి. పదేళ్లు నిండనివారిని సాధారణంగా దింపరు. పగడాల్ని తాకకండి, అవి ప్రాణమున్న జీవులు.

చివరగా మీకొక లెక్క. ఇరవై మీటర్ల లోతున బయలుదేరిన ఒక ఘన సెంటీమీటరు గాలి బుడగ నీటిపైకి వచ్చేసరికి ఎంతవుతుంది? మీ సైన్సు మాస్టారిని అడగకుండా చేసి చూడండి.